గుమాస్తా చదువు కళాశాలలోకి రావాలి

(గుంటూరులో డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులు, అధ్యాపకుల ఎదుట ఒక ఆడిటర్ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

రేపటి వ్యాపారానికి, మారుతున్న సాంకేతికతకు విద్యార్థులను సిద్ధం చేయడం గురించి మాట్లాడమన్నారు. ఈ అంశం ఇచ్చినప్పుడు వక్తలు సాధారణంగా రాబోయే కొలువుల పేర్లు వరుసగా చదువుతారు, ఏ కోర్సులో చేరాలో చెబుతారు. ఆ జాబితాలు మీరు ఫోనులో రోజూ చూస్తూనే ఉన్నారు. వాటికి మరొకటి చేర్చడానికి నేను రాలేదు. గుంటూరు వ్యాపారుల లెక్కలు చూసుకుంటూ బతుకుతున్నవాణ్ణి నేను. ఆ పనిలో కొంతకాలంగా నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఒకటుంది. దాన్ని మీ ముందు పెట్టి, నాకు తోచిన జవాబు చెబుతాను.

కొత్తగా చేరిన ఉద్యోగి మొదటి రెండు మూడేళ్లలో చేసే పనిని ఇప్పుడు యంత్రం చేస్తోంది. బిల్లులు ఎక్కించడం, బ్యాంకు లెక్క సరిపోల్చడం, ఉత్తరానికి చిత్తుప్రతి రాయడం, చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం. ఈ పనులు పోతే ఆ జీతాలు పోతాయని అందరూ అంటున్నారు. అది నిజమే. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. అనుభవమున్న మనిషి తయారయ్యేది ఆ పనుల్లోనే. నారుమడి తీసేసి నాట్లు వేస్తామంటే కుదురుతుందా? పదేళ్ల అనుభవం ఉన్నవారు కావాలని ప్రతి సంస్థా అడుగుతుంది. మొదటి ఏడాది అనుభవం ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

మన ఊరి సంగతే తీసుకుందాం. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. ఇంటర్ చదివిన కుర్రవాడు గుమాస్తాగా చేరేవాడు. మొదటి ఏడాది అతనికి అప్పగించే పని చూస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది. రైతు సరుకు అమ్ముడయ్యాక లెక్క చూపే చీటీలు, అంటే తక్‌పట్టీలు రాయాలి. కాటా చీటీల్లోని తూకాలను పుస్తకంలోకి ఎక్కించాలి. చిట్టాలో పడిన పద్దులను ఆవర్జాలో ఖాతాలవారీగా దించాలి. సాయంత్రం కూడికలు కలిసేదాకా లేవకూడదు. ఆ రాతకోతల మధ్యనే అతనికి వ్యాపారం ఒంటబట్టేది. ఒక లాటు తేజా రకం మిర్చికి మంచి ధర పలికి, పక్క లాటుకు ఎందుకు పడిపోయింది? రంగు వెలిసిన తాలుకాయ ఎంత కలిస్తే కొనుగోలుదారు మొహం తిప్పుకుంటాడు? ఆరని కాయను కోల్డ్ స్టోరేజీకి పంపితే ఏమవుతుంది? వీటిని అతనికి ఎవరూ పాఠంగా చెప్పలేదు. వందల పట్టీలు రాశాక ఒక అంకె ఎబ్బెట్టుగా కనిపించేది. తలెత్తి, "అయ్యగారూ, ఈ ధర సరైనదేనా?" అని అడిగేవాడు. యజమాని రెండు మాటలు చెప్పేవాడు. ఆ రెండు మాటలే చదువు.

ఆ రోజులే మంచివని నేను అనడం లేదు. జీతం అంతంతమాత్రం. పొద్దు తెలియని చాకిరీ. ఆడపిల్లలకు ఆ బల్ల దగ్గర చోటే ఉండేది కాదు. తెలిసినవారి పిల్లలకే పని దొరికేది. ఆ పద్ధతి పోతే బాధపడాల్సిన పనిలేదు. కానీ దానిలోపల ఒక చదువు నడిచేది. ఆ చదువును వేరే చోట నిలబెట్టకుండా పోనిస్తే, నష్టపోయేది ఈ గదిలో కూర్చున్నవారే.

మా వృత్తిలోనూ ఇదే కథ. చార్టర్డ్ అకౌంటెంట్ కావాలంటే ఒక ఆడిటర్ దగ్గర కొన్నేళ్లు శిక్షణలో ఉండాలి. మూడేళ్లుగా ఉన్న ఆ శిక్షణ 2023లో రెండేళ్లయింది. పూర్వం శిక్షణలో చేరినవారు వోచర్లను, అంటే లావాదేవీలకు ఆధారమైన కాగితాలను ఒక్కొక్కటిగా పుస్తకంతో సరిచూస్తూ నెలలు గడిపేవారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వాటిని నిమిషాల మీద జతపరచి, కలవనివి మాత్రమే ముందు పెడుతుంది. హాయిగానే ఉంది. కానీ కలిసిన వోచర్లను వేలకొద్దీ చూసినవారికే, కలవని వోచరు ఎందుకు కలవలేదో పసిగట్టే కన్ను వస్తుంది. సరైనవి ఎన్నడూ చూడని వారి ముందు తప్పులు మాత్రమే పెడితే వారేం చేస్తారు?

ఒక బిల్లు మీకు దగ్గరగా చూపిస్తాను. మా కార్యాలయంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయికి ఒక వ్యాపారి అమ్మకాల పట్టికను ఇచ్చాం. అందులోని ప్రతి సరుకుకూ పన్ను కోడు వేసే పనిని కృత్రిమ మేధ పనిముట్టు చేసిపెట్టింది. వందల వరుసలు, కొద్ది క్షణాల్లో. అమ్మాయి పని వాటిని సరిచూడటం. ఒక వరుసలో సరుకు పేరు "మిర్చి తేజ ఏసీ" అని ఉంది. 60 టిక్కీలు (బస్తాలు), 2,520 కిలోలు. యంత్రం దానికి 0709 కోడు వేసి, పన్ను లేదని చూపించింది. చూడటానికి అంతా తీరుగా ఉంది. కోడు నిజమైనదే. ఆ కోడులో మిర్చి ఉన్న మాటా నిజమే.

కానీ 0709 తాజా కూరగాయల కోడు. పచ్చిమిర్చి అందులోకి వస్తుంది, దానికి జీఎస్టీ లేదు. ఎండుమిర్చి 0904లోకి వస్తుంది, దాని మీద 5 శాతం పన్ను ఉంది. బిల్లులో ఎండు అనే మాట ఎక్కడా లేదు. మరి ఇది ఎండుకాయ అని ఆమెకు ఎలా తెలిసింది? అంతకు కొద్ది రోజుల ముందు ఆమె యార్డుకు వెళ్లి వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో నిల్వ ఉంచి బయటికి తీసిన సరుకును ఇక్కడి వ్యాపారులు "ఏసీ కాయ" అంటారని అక్కడ విన్నది. ఏడాది పొడవునా అమ్ముకోవడానికి అలా నిల్వ పెట్టేది ఎండుకాయనే. పైగా తూకాన్ని టిక్కీల సంఖ్యతో భాగిస్తే బస్తాకు 42 కిలోలు వచ్చింది, అది ఎండుమిర్చి టిక్కీ బరువు. రెండూ కలిపి చూసుకుని ఆ వరుస పక్కన ఎర్ర గీత పెట్టింది. అదే పేరుతో ఇంకా చాలా వరుసలు ఉన్నాయి. వాటన్నిటినీ మార్చింది.

ఇందులో ఆమె చేసింది ఏమిటో గమనించండి. పన్ను చట్టం ఆమె పుస్తకంలో చదువుకుంది. అది యంత్రానికీ తెలుసు. యంత్రానికి తెలియనిది యార్డులో ఒక హమాలీ నోట వినిపించిన మాట. ఆ మాట ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. తప్పు అలాగే వెళ్లిపోయి ఉంటే తర్వాత నోటీసు వచ్చేది. పన్ను, దాని మీద వడ్డీ, జరిమానా ఆ వ్యాపారి నెత్తిన పడేవి. నోటీసు యంత్రం పేరు మీద రాదు.

వ్యాపారం ఎంత వేగంగా ఈ దారిలోకి వచ్చిందో మీకు ఊహ ఉండాలి. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. సరుకు రవాణాలో వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు 2018లో వచ్చింది. ఒక వ్యాపారి మరో వ్యాపారికి ఇచ్చే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించుకునే ఈ-ఇన్వాయిస్ పద్ధతి 2020 అక్టోబరులో 500 కోట్ల పైన టర్నోవరు ఉన్న సంస్థలతో మొదలైంది. 2023 ఆగస్టు 1 నాటికి కొన్ని మినహాయింపులు తప్ప 5 కోట్ల పైనున్న వారికీ తప్పనిసరి అయింది. మూడేళ్లలో 500 నుంచి 5కు దిగింది. 5 కోట్లంటే పెద్ద కంపెనీ కాదు. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో, మన పట్నం బజారులో అలాంటి దుకాణాలు చాలా ఉంటాయి. కంప్యూటర్ మనకెందుకులే అనుకున్న వ్యాపారి కూడా ఇప్పుడు దాని ముందు కూర్చోక తప్పదు. ఆయనకు దగ్గరుండి చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి మీరే కావచ్చు. బటన్లు నొక్కడానికి మాత్రం ఆయన మిమ్మల్ని పిలవడు, అది సాఫ్ట్‌వేర్ చేసుకుంటుంది.

ఇక కృత్రిమ మేధ గురించి. ఛాట్‌జీపీటీ జనం చేతికి వచ్చింది 2022 నవంబరు 30న. ఈ తరహా యంత్రాలు కోట్లాది పుటల రాతను చదివి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకుంటాయి. అందుకే వాటి వాక్యం ఎప్పుడూ తడబడదు. తెలిసిన విషయాన్నీ, తెలియని విషయాన్నీ ఒకే ధీమాతో చెబుతాయి. మనిషి తెలియనిది చెబుతున్నప్పుడు గొంతు తగ్గుతుంది, కళ్లు పక్కకు తిరుగుతాయి. ఇక్కడ ఆ ఆనవాళ్లేవీ ఉండవు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు ఒక విమానయాన సంస్థ మీద వేసిన దావాలో కొన్ని పాత తీర్పులను ఉదహరించారు. ఆ తీర్పులు అసలు లేనే లేవు. ఛాట్‌జీపీటీ వాటిని పుట్టించింది. న్యాయమూర్తి వారికి 5,000 డాలర్ల జరిమానా వేశారు.

కెనడాలో జరిగింది ఇంకా ఆలోచించాల్సిన విషయం. బామ్మ చనిపోయిన ఒక ప్రయాణికుడు ఎయిర్ కెనడా విమాన సంస్థ వెబ్‌సైటులో ప్రశ్నలకు జవాబిచ్చే యంత్రాన్ని, అంటే ఛాట్‌బాట్‌ను టికెట్ రాయితీ గురించి అడిగాడు. ప్రయాణం అయ్యాక కూడా దరఖాస్తు చేసుకోవచ్చని అది చెప్పింది. సంస్థ నిబంధనల్లో అలా లేదు. వివాదం ట్రిబ్యునల్‌కు వెళ్లినప్పుడు, ఛాట్‌బాట్ చెప్పిన దానికి తాము బాధ్యులం కామన్న ధోరణిలో సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి పరిహారం ఇమ్మంది. వచ్చిన మొత్తం 800 కెనడా డాలర్ల పైచిలుకే. సూత్రం మాత్రం చాలా పెద్దది. యంత్రం మాట్లాడినా, జవాబు చెప్పుకోవాల్సింది దాన్ని కూర్చోబెట్టిన మనిషే. రాబోయే రోజుల్లో సంస్థలు మీకు జీతం ఇచ్చేది ఈ జవాబుదారీతనానికే. యంత్రం ఇచ్చిన కాగితాన్ని చదివి, తప్పు పట్టుకుని, సరిచేసి, కింద సంతకం పెట్టగల వారికే.

ఇంత పెద్ద మార్పు మన ప్రాంతానికి కొత్త కాదు. తెలుగు పుస్తకాల అచ్చుకు విజయవాడ పెట్టింది పేరు. ఏలూరు రోడ్డులో పుస్తకాల దుకాణాలు మీలో చాలామందికి తెలుసు. ఆ పుస్తకాల వెనుక కంపోజిటర్లు ఉండేవారు. సీసపు అక్షరాలను అరల్లోంచి ఏరి, చేతిలోని స్టిక్కులో ఒక్కొక్కటిగా పేర్చేవారు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిపి వందల అచ్చులు కావాలి. ఏ అరలో ఏ ఒత్తు ఉందో వారి వేళ్లకు తెలుసు. కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చాక ఆ అరలు పాత ఇనుము కొట్టుకు వెళ్లాయి. కొంతమంది కంపోజిటర్లు ప్రూఫులు దిద్దే పనికి మారి నిలదొక్కుకున్నారు. ఏళ్ల తరబడి అక్షరాన్ని తలకిందులుగా చదివిన కన్ను అది. ఎక్కడ వత్తు తప్పినా పట్టేసేది. అందరికీ ఆ దారి దొరకలేదు. చేతిలో అంత నేర్పు ఉండి కూడా పని లేకుండా పోయిన వారున్నారు. కొత్త యంత్రం వస్తోందని ముందే చెప్పి, వారిని పక్క పనికి తయారుచేసే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. సాంకేతికత వస్తే పాత పనులు పోతాయి, కొత్త పనులు వస్తాయి అని తేలికగా అనేవారు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి. పోయిన పని చేసినవారికే కొత్త పని దొరుకుతుందన్న హామీ ఏమీ లేదు. ఆ హామీని ఎవరో ఒకరు కల్పించాలి. కళాశాలలు ఉన్నది అందుకే అని నా నమ్మకం.

ఆ అచ్చు కథలో ఇంజినీరింగ్ పిల్లలకు మరో పాఠం ఉంది. అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా అక్షరాలకు కోడులిచ్చే యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991లోనే చోటు దొరికింది. కానీ మన డీటీపీ కేంద్రాలు చాలాకాలం తమ తమ సొంత కోడులున్న ఫాంట్లతోనే పనిచేశాయి. కాగితం మీద అక్షరం అందంగా పడింది, పని జరిగిపోయింది. ఫలితం ఏమిటంటే, అలా తయారైన పుస్తకాల ఫైళ్లను ఇప్పుడు తెరిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. వెతకడానికి వీల్లేదు, యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ దిద్దుకోవాలి. రేపు మీరు ఒక దుకాణానికో, ఆసుపత్రికో సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఈ సమాచారం పదిహేనేళ్ల తర్వాత మరొకరు తెరవగలరా అని రాసే ముందే అడగండి. ఈ ప్రశ్న యంత్రం తనంత తాను అడగదు.

విజయవాడ ఆటోనగర్ వెళ్లి చూడండి. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలయ్యాక లారీ ఇంజను చుట్టూ సెన్సార్లు పెరిగాయి. పొగలోని విషవాయువులు తగ్గించడానికి యూరియా ద్రావణం పోసే ట్యాంకు మామూలైపోయింది. డాష్‌బోర్డు మీద దీపం వెలిగితే మెకానిక్ స్కానర్ తగిలిస్తాడు. ద్రావణం నాణ్యత సరిగా లేదని తెర మీద కోడు వస్తుంది. కొత్త కుర్రవాడు వెంటనే ఖరీదైన సెన్సారు మార్చేద్దామంటాడు. పనితెలిసిన మేస్త్రీ ముందు ట్యాంకు మూత తీస్తాడు. డ్రైవరు ద్రావణంలో నీళ్లు కలిపాడేమో చూస్తాడు. తర్వాత వైరు వెంబడి చేయి పోనిచ్చి, ఛాసిస్‌కు రాసుకుని ఎక్కడైనా ఒరిసిపోయిందేమో తడుముతాడు. ఆ తర్వాతే సెన్సారు జోలికి వెళతాడు. స్కానర్ చెప్పేది లక్షణం. కారణం వెతుక్కోవాల్సింది మనిషి. ఖర్చు తక్కువైన కారణం నుంచి మొదలుపెట్టడం ఆ మేస్త్రీ విద్య. మన ఇంజినీరింగ్ ప్రయోగశాలల్లో ఇలాంటి లారీ ఒక్కటైనా ఉందా? చెడిపోయిన వస్తువును చేతికిచ్చి, ఎందుకు చెడిపోయిందో కనుక్కోమని ఎన్ని పరీక్షల్లో అడుగుతున్నాం? ప్రయోగం ఫలితం ముందే తెలిసి ఉంటుంది, రికార్డులో అదే రాస్తారు, సంతకం పడుతుంది.

ఇక్కడ అధ్యాపకులతో కొంచెం నిర్మొహమాటంగా మాట్లాడాలి. మన రాష్ట్రంలో 2020లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఆ ఆలోచన ఎంతో మంచిది. ఆచరణలో ఏం జరుగుతోందో మీకు నాకన్నా బాగా తెలుసు. డబ్బు కట్టి ధ్రువపత్రం తెచ్చుకునేవారు ఉన్నారు. ఒకే నివేదిక పేర్లు మార్చుకుని పది చేతులు తిరుగుతుంది. ఇప్పుడు ఆ శ్రమ కూడా అక్కర్లేదు, నివేదికను యంత్రమే రాసిపెడుతుంది. పిల్లలను తిట్టి లాభం లేదు. నివేదికను తూచి మార్కులు వేసినంతకాలం నివేదికలే వస్తాయి.

మార్కులు ముఖాముఖి ప్రశ్నలకు వేయండి. ఇంటర్న్‌షిప్ చేసిన విద్యార్థి ఒక అసలు కాగితం తేవాలి. తక్‌పట్టీ కావచ్చు, కోల్డ్ స్టోరేజీ రసీదు కావచ్చు, సర్వీసు జాబ్ కార్డు కావచ్చు. పేర్లు, ఫోను నంబర్లు కొట్టేసి తేవాలి. బల్లకు అవతల అధ్యాపకుడు, పక్కన ఆ రంగంలో పనిచేసే ఒక పెద్దమనిషి. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఇది రాసినప్పుడు మీరు ఎక్కడున్నారు? ఇది తప్పయితే ఎవరికి నష్టం? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవారు పని చూశారన్నమాట. ఆ జవాబులను ఏ యంత్రమూ ముందు రాత్రి తయారుచేసి ఇవ్వలేదు.

తరగతిలోనూ ఈ పని మొదలుపెట్టవచ్చు. కృత్రిమ మేధను నిషేధించడం వల్ల ప్రయోజనం లేదు, పిల్లలు ఎలాగూ వాడతారు. జవాబు రాయమని ఇచ్చే బదులు, యంత్రం రాసిన జవాబును చేతికిచ్చి తప్పులు పట్టమనండి. ఒక ఏడాది లాభనష్టాల ఖాతా ఇచ్చి, అందులో మూడు పొరపాట్లు దాచి, వెతకమనండి. మరోసారి ఏ పొరపాటూ లేని ఖాతా ఇవ్వండి. సరిగ్గా ఉన్నదాన్ని సరిగ్గా ఉందని ధైర్యంగా చెప్పగలగడం కూడా నేర్చుకోవాల్సిందే. అయితే దీనికి ముందు ఒక షరతు ఉంది. మొదటి ఏడాది పిల్లలు చేత్తో చేయాలి. జర్నల్ పద్దులు చేత్తో రాయాలి. చిన్న ప్రోగ్రామును సొంతంగా రాసి, అది పనిచేయకపోతే ఎందుకో తామే కనుక్కోవాలి. కంప్యూటర్ ఉండగా ఇదంతా ఎందుకని పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. చేత్తో చేసిన పనినే మనిషి సరిచూడగలడు.

కామర్స్ పిల్లలు, ఇంజినీరింగ్ పిల్లలు ఒకే గోడకు అటూ ఇటూ కూర్చుని ఒకరి మొహం ఒకరు చూడకుండా మూడు, నాలుగేళ్లు గడిపేస్తున్నారు. దీనికి కారణం ఏమీ లేదు, అలవాటు తప్ప. తక్‌పట్టీని ఫోటో తీస్తే అందులోని తెలుగు చేతిరాతను చదివి, తూకం, ధర, రైతు సొమ్ములోంచి మినహాయించిన కోతలు విడదీసి రైతు ఫోనుకు పంపే పనిముట్టు తయారుచేయమని ఇద్దరికీ కలిపి ఇవ్వండి. ప్రోగ్రాము రాసే విద్యార్థికి కోతలంటే ఏమిటో తెలియదు. కామర్స్ విద్యార్థికి ఫోటోలోంచి అక్షరం ఎలా వస్తుందో తెలియదు. ఇద్దరికీ తెలియనిది రైతును అడగాలి. పొద్దున్నే యార్డుకు వెళ్లి నిలబడి, ఆయనకు తీరిక దొరికేదాకా ఆగి, మర్యాదగా అడగాలి. అలా అడిగి తెలుసుకోవడం కూడా చదువులో భాగమే.

మిర్చి గురించే ఇంతగా చెబుతున్నానని అనుకోవద్దు. కళ్లెదుట ఉన్న సరుకు కాబట్టి చెబుతున్నాను. పండిన కాయలో మూడింట రెండు వంతులకు పైగా నీరే ఉంటుంది. దాన్ని పది, పదకొండు శాతం తేమ దాకా ఆరబెడితేనే నిల్వకు ఆగుతుంది. సరిగా ఆరకపోతే బూజు పడుతుంది, బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఐరోపా దేశాలు మిరప వంటి సుగంధ ద్రవ్యాల్లో కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములకు మించి దాన్ని ఒప్పుకోవు. ఆ పరీక్షలు చేసే స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులోనే ఉంది. కొత్త వంగడాలు తయారుచేసే లాం ఫారం ఊరి పక్కనే ఉంది. సరుకు వెనక్కి వస్తే పద్దు ఎలా తిరగరాయాలో బీకాం విద్యార్థికి తెలుసు. ఎందుకు వెనక్కి వచ్చిందో కూడా తెలిస్తే, రేపు ఆ ఎగుమతిదారు ఆ విద్యార్థిని వదులుకోడు. తేమ కొలిచే సెన్సార్ తయారుచేసే ఇంజినీరుకు ఆ అంకె దాటితే ఎంత డబ్బు పోతుందో తెలిస్తే, ఆ సెన్సార్ తీరే వేరుగా ఉంటుంది.

పల్లెటూళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఇంగ్లిషు ధారాళంగా రాదని మీలో చాలామంది కుంగిపోతుంటారు. ఇంతకాలం ఆ భయానికి కారణం ఉంది. ఇంగ్లిషు ఉత్తరం చక్కగా రాయగలిగినవారికే కుర్చీ దొరికింది. ఇప్పుడు ఆ ఉత్తరాన్ని యంత్రం దిద్దిపెడుతుంది. దిద్దిన ఉత్తరం మీరు అనుకున్నదే చెబుతోందా లేదా చూసుకునేంత ఇంగ్లిషు మాత్రం తప్పకుండా నేర్చుకోవాలి. అక్కడ రాజీ లేదు. కానీ ఇంట్లో పొలం ఉన్న పిల్లలకు, నాన్న లారీ నడిపే పిల్లలకు, అమ్మ మంగళగిరి మగ్గం మీద కూర్చునే పిల్లలకు, యంత్రానికి తెలియని విషయాలు బోలెడు తెలుసు. ఏసీ కాయ అంటే ఏమిటో తెలిసిన మా కార్యాలయం అమ్మాయి లాగే. వాటిని దాచుకోకండి. ఇంటర్వ్యూలో అడిగినా, అడగకపోయినా చెప్పండి.

ఒక జాగ్రత్త కూడా ఉంది. పని త్వరగా అవుతుందని వ్యాపారి ఖాతాలు, రైతుల ఆధార్ నంబర్లు, జీతాల పట్టికలు తెచ్చి ఉచితంగా దొరికే కృత్రిమ మేధ పనిముట్లలో పోయకండి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా అది తప్పే. వ్యాపారి తన పుస్తకాలు మన చేతికి ఇచ్చేది నమ్మకం మీద. ఒకసారి ఆ నమ్మకం పోతే ఈ ఊళ్లో రెండో వ్యాపారి మనల్ని గడప ఎక్కనివ్వడు.

చివరగా, ముందు వరుసలో కూర్చున్న వర్తక ప్రముఖులకు నా విన్నపం. అనుభవం ఉన్నవారు దొరకడం లేదని మీరు నా దగ్గర ఎప్పుడూ అంటుంటారు. అనుభవం ఇచ్చే చోటు మీ కొట్టే. జనవరిలో కొత్త కాయ రావడం మొదలవుతుంది. అప్పటి నుంచి వేసవి దాకా యార్డులో ఊపిరి సలపనంత పని ఉంటుంది. ఆ నెలల్లో కొట్టుకు ఇద్దరు విద్యార్థులను తీసుకోండి. ఒకరు కామర్స్, ఒకరు ఇంజినీరింగ్. అందులో ఒక్కరైనా ఆడపిల్ల ఉండాలి. ఆమెకు కూర్చునే చోటు, మరుగుదొడ్డి, సాయంత్రం చీకటి పడకముందే ఇంటికి చేరే ఏర్పాటు చూడండి. ఊరికే చేయించుకోవద్దు, బస్సు ఖర్చులకు పైన కొంత ఇవ్వండి. వారు తప్పులు చేస్తారు. ఎక్కడ తప్పారో చెప్పడానికి రోజుకు పావుగంట మీ గుమాస్తాకు తీరిక ఇవ్వండి.

ప్రిన్సిపాల్ గారు ఆ నెలల్లో హాజరు నిబంధన సడలిస్తామంటే, నాకు తెలిసిన కొట్ల యజమానులతో మాట్లాడే బాధ్యత నేను తీసుకుంటాను. మా కార్యాలయంలోనూ ఇద్దరికి చోటు ఉంది. ఆసక్తి ఉన్నవారు ఈ సభ అయ్యాక మీ విభాగాధిపతి దగ్గర పేర్లు రాయించండి. ఇప్పుడు మీరు అడగాలనుకున్నవి అడగండి, చెబుతాను.